అప్‌డేట్: పాపకు ఏ బిబ్ కొనాలని అడిగాను కదా, సమస్య తీరింది

తొమ్మిది నెలల మా పాప తినేటప్పుడు మెడకు కట్టే కాటన్ బిబ్ తడిసి బట్టలన్నీ పాడవుతున్నాయని, మెడ కింద ఎర్రగా అవుతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అక్కలందరికీ థ్యాంక్స్.

ముందు మెడ సంగతి. రాగి పడట్లేదేమోనని టెన్షన్ పడి జావ కూడా ఆపేశాను. హన్మకొండలో పిల్లల డాక్టర్‌కు చూపిస్తే అలర్జీ కాదన్నారు, తడి బిబ్ మెడ మడతల్లో ఒరుసుకోవడం వల్లేనట. తినగానే బిబ్ తీసేసి మెడ తుడిచి ఆరనిస్తున్నాను, వారంలో తగ్గింది. సబ్బు మార్చాల్సిన పనే లేకపోయింది.

జావకు కింద జేబున్న సిలికాన్ బిబ్ బాగా పనికొచ్చింది. కారినదంతా అందులోనే పడుతుంది, కడిగితే సరి. కానీ పప్పన్నం తనే చేత్తో తింటుంది, మోచేతుల దాకా పూసుకుంటుంది. దానికి మాత్రం మీరు చెప్పిన ఫుల్ చేతుల బిబ్బే కావాలి. రెండు కొన్నాను, ఒకటి ఆరేలోపు ఇంకొకటి.

వెల్క్రో ఉన్నది వద్దు, పాప లాగేస్తుంది. గుండీలదే తీసుకోండి.

పసుపు మరకలకు మా అత్తమ్మ మాటే పనిచేసింది: ఉతికి తడిగానే ఎండలో ఆరేస్తే చాలావరకు పోతున్నాయి.