హైవే ఎక్కాలంటే వణుకు: హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాకా నడపగలనా?

గోదారిపిల్ల:
సిటీలో రెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. హైవే ఎక్కితే మాత్రం స్టీరింగ్ మావారిదే. ఇప్పుడాయన కాలికి కట్టు. వచ్చేవారం రాజమండ్రిలో పెళ్లి, 400 కిలోమీటర్ల పైమాటే. మొన్న శనివారం ట్రయల్‌గా చౌటుప్పల్ దాకా వెళ్లాను. పక్కకి కంటైనర్ లారీ వచ్చేసరికి అరచేతులకి చెమటలు పట్టేశాయి. దాని వెనకే 40లో పాక్కుంటూ పోయి, యూటర్న్ దొరగ్గానే ఇంటికొచ్చేశాను. బస్సులో పొమ్మనకండి, ఆయన కాలు చాపుకోవాలి. అత్తయ్య కూడా వస్తున్నారు.

పాతస్టీరింగ్:
లారీ పక్కనే ఉండిపోతే ఎవరికైనా భయమేస్తుందండీ. అసలు ప్రమాదం కూడా అక్కడే. దాని సైడ్ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనబడలేదంటే మీరూ అతనికి కనబడనట్టే. కాస్త వెనకే ఉండండి. ముందు ఖాళీ చూసుకుని, ఇండికేటర్ వేసి, హారన్ కొట్టి ఒక్క ఊపులో దాటేయండి. లారీ ముందు భాగమంతా మీ లోపలి అద్దంలో కనబడ్డాకే ఎడమకి రండి.

టాప్‌గేర్:
అంతా మైండ్‌లోనే ఉంది. 120లో పెట్టి లాగించండి, భయం అదే పోతుంది.

నల్గొండోడు:
తమ్ముడూ, ఆ సలహా నీ దగ్గరే ఉంచుకో. మా ఊరు ఈ రోడ్డు పక్కనే. డివైడర్ సందులోంచి ట్రాక్టర్ ఎప్పుడు అడ్డమొస్తుందో తెలీదు. యూటర్న్ దూరమని బైకులు రాంగ్ రూట్‌లో ఎదురొస్తాయి. అమ్మా, 80 చాలు. ఊరు కనబడగానే కాలు బ్రేక్ మీదికి తెచ్చుకో. తెల్లారగానే బయల్దేరు, చీకటి పడకముందే చేరిపో. రాత్రి ఎదుటివాళ్ల హైబీమ్ కొత్తవాళ్లకి నరకం. తప్పకపోతే లైట్ల వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచున తెల్లగీత పట్టుకుని పో.

మూడోగేర్:
నాదీ ఇదే కథ అక్కా. నేను రాజమండ్రి అనుకోను. నార్కట్‌పల్లి, సూర్యాపేట, నందిగామ, విజయవాడ, ఏలూరు... ఒక్కో ఊరే అనుకుంటాను. సూర్యాపేటలో టిఫిన్ తప్పనిసరి. దడ పుడితే రోడ్డు పక్కన మాత్రం ఆపకు, వెనకొచ్చేవాడు చూసుకోకపోతే అంతే. పెట్రోల్ బంకులోకి తిప్పెయ్. బండి మొరాయిస్తే హైవే హెల్ప్‌లైన్ 1033. ఇంకోటి, బావగారితో ముందే ఒప్పందం చేసుకో: "చూసుకో, చూసుకో" అని అరవకూడదని. నాకు లారీల కంటే మావారి అరుపులకే ఎక్కువ టెన్షన్!

గోదారిపిల్ల:
చేరిపోయాం! పదిన్నర గంటలు పట్టింది, నవ్వకండి. కోదాడ ముందు ఒకసారి చేతులు వణికాయి. బంకులో ఆపి, నీళ్లు తాగి, చేతులు తుడుచుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అత్తయ్య ఏమీ అడగలేదు, డబ్బాలోంచి జంతికలు తీసి చేతిలో పెట్టారు. విజయవాడ దాటాక లారీలని లెక్కపెట్టడం మానేశాను. మావారు మాత్రం దారంతా లేని బ్రేక్‌ని బాగున్న కాలితో తొక్కుతూనే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం.

నల్గొండోడు:
ఆదివారం వద్దమ్మా. సాయంత్రానికి ఊళ్లకెళ్లినవాళ్లంతా హైదరాబాద్ వైపే వస్తారు, పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుంటావు. సోమవారం సెలవు పెట్టి పొద్దున్నే బయల్దేరు.