మ్యాప్‌లో ఎర్ర చుక్క మా బోరు దగ్గరే ఉంది, మంట మాత్రం లేదు. ఎందుకు?

తోటకాపరి:
మాది కొల్లాపూర్ వైపు, నల్లమల అంచున ఏడెకరాల మామిడి తోట. మార్చి వచ్చిందంటే నాకు టెన్షనే. ఆకు రాలి అడవంతా గలగలమంటుంది. ఉపగ్రహాలు పట్టిన మంటలను చుక్కలుగా చూపించే నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్ ఫోన్‌లో చూడటం ఈమధ్యే నేర్చుకున్నా. నిన్న సాయంత్రం చూస్తే సరిగ్గా మా బోరు దగ్గర ఎర్ర చుక్క! టైం 08:12 అని ఉంది. పొద్దున ఎనిమిదింటికి నేను అక్కడే డ్రిప్ పైపులు సర్దుతున్నా, పొగ కూడా లేదు. పోయిన వారం గుట్ట మీద రాత్రి ఏడింటికి మంట కళ్లారా చూశా, అర్ధరాత్రికల్లా ఆరిపోయింది. అది మాత్రం మ్యాప్‌లో రానే లేదు. దీన్ని నమ్మొచ్చా?

ఎండమావి:
దగ్గర్లో సోలార్ ప్యానెళ్లు ఉన్నాయా అన్నా? ఎండకు మెరిస్తే ఒక్కోసారి ఉపగ్రహం దాన్నీ మంట అనుకుంటుంది.

పాతవాచర్:
సోలార్ కన్నా ముందు గడియారం చూడు తమ్ముడూ. అది గ్రీనిచ్ టైం. అయిదున్నర గంటలు కలుపు, మధ్యాహ్నం 1:42 అవుతుంది.

నేను ఆరు వేసవులు ఫైర్ వాచర్‌గా తిరిగా. మొదట్లో జీపీఎస్ పట్టుకుని చుక్క దగ్గరికే పోయి, ఏమీ లేదని తిట్టుకుంటూ వచ్చేవాణ్ణి. ఉపగ్రహం మీదుండే విర్స్ అనే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. ఒక్కో గడి దాదాపు 35 ఎకరాలు. అందులో ఎక్కడ వేడి కనపడినా చుక్క గడి మధ్యలో పెడుతుంది. అందుకే చుక్క దగ్గర నిలబడి, గాలి ఎటు నుంచి వస్తుందో చూసి ముక్కుతో వెతకాలి. ఒకసారి అలా పోతే ఇప్పచెట్టు కింద గుండ్రంగా బూడిద. పువ్వు ఏరడానికి ఎవరో ఆకు కాల్చారు, అక్కణ్ణుంచి గడ్డికి అంటుకుంది. చెయ్యి పెడితే బూడిద ఇంకా చుర్రుమంది.

గుట్ట మంట సంగతంటావా, విర్స్ ఉన్న మూడు ఉపగ్రహాలూ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలోనే మన మీదుగా పోతాయి. ఏడింటికి అంటుకుని పన్నెండుకి ఆరితే చూసేదెవరు? మబ్బు పట్టినా కనపడదు. పైగా చుక్క మ్యాప్‌లోకి రావడానికి మూడు గంటల దాకా పడుతుంది. దాన్ని నమ్ముకుని తోట వదిలి పడుకోకు.

డెహ్రాడూన్ ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల దగ్గర నంబరు నమోదు చేసుకుంటే మీ ప్రాంతం అలర్టులు మెసేజ్‌గా వస్తాయి.

తోటకాపరి:
అన్నా, ఇవాళ బోరు నుంచి గాలికి ఎదురు నడిచా. వాగు అవతల, ఓ నూటయాభై మీటర్ల దూరంలో పక్క చేను వాళ్లు రెండెకరాల పత్తికట్టె కాల్చేశారు. నిన్న మధ్యాహ్నమేనట. ఆ టైంకి నేను తిని కునుకు తీస్తున్నా.

పాతవాచర్:
మీ వైపు గట్టు మీద ఆకు ఊడ్చి, మట్టి కనపడేలా ఓ బార వెడల్పు దారి తియ్యి. ఈ వారంలోనే.