ఊపిరి ఆగిన చోటల్లా కామా పెడితే ఇంగ్లీషు ఒప్పుకోదు

మొన్న గ్రూపులో ఒకరు "శ్రీను నాకు తెలీదు", "శ్రీనూ, నాకు తెలీదు" అని రెండు వాక్యాలు పెట్టి తేడా చెప్పమన్నారు కదా, జవాబులన్నీ చదివాను. అందరూ దీర్ఘం గురించే రాశారు, కామా ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అక్కడ పనంతా ఆ 'నూ' చేసేసింది, శ్రీనుని పిలుస్తున్నారని చెవికే తెలిసిపోతుంది. ఇప్పుడు అదే మాట ఇంగ్లీషులో రాసి చూడండి. "ఐ డోంట్ నో శ్రీను" అంటే శ్రీను ఎవరో నాకు తెలీదని. "ఐ డోంట్ నో, శ్రీను" అంటే శ్రీనుతోనే మాట్లాడుతూ, నాకు తెలీదు నాయనా అనడం. ఇంగ్లీషులో పేరుకి సంబోధన దీర్ఘం లేదు. మన దీర్ఘం చేసే పని అక్కడ ఆ చిన్న కొక్కెం చేస్తోంది. "కాల్ మీ సర్" అని మెసేజ్ పెడితే నన్ను సర్ అని పిలువు అని, "కాల్ మీ, సర్" అంటే సార్, నాకు ఫోన్ చేయండి అని. పై ఆఫీసరుకి మొదటిది పంపితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను కాబట్టి ఈ కామా గొడవ నాకు రోజూ ఉన్నదే. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, వాటి మీద ఇంగ్లీషు. ఒడియాలో వాక్యం చివర నిలువు గీత, తెలుగులో చుక్క, అయినా వాక్యం ఎక్కడ అయిపోయిందో వాళ్ళకి బాగానే తెలుసు. తడబడేదంతా వాక్యం మధ్యలోనే. ఇక్కడ కామా ఎందుకు పెట్టావురా అని ఎవరినడిగినా ఒకటే జవాబు, "అక్కడ ఆగాలి కదా టీచర్". ఆ జవాబులో తెలివితక్కువతనం ఏమీ లేదు, వాళ్ళు తెలుగు చెవితో వింటున్నారు, అంతే. మనం ఊపిరి చూసి కామా పెడతాం, ఇంగ్లీషులో మాత్రం వాక్యం కీళ్ళు ఎక్కడున్నాయో చూసి పెట్టాలి. ఈ ఒక్క ముక్క పట్టుబడితే ముప్పావు వంతు తప్పులు వాటంతటవే పోతాయని నా అనుభవం.

నోటీసు బోర్డుల మీద కనిపించేది చూడండి. "ది స్టూడెంట్స్ హూ హావ్ నాట్ పెయిడ్ ది ఫీజ్, షుడ్ మీట్ ది క్లర్క్." తెలుగులో "ఫీజు కట్టని విద్యార్థులు" అనగానే కాస్త ఆగి, "గుమస్తాని కలవాలి" అంటాం. ఆ ఆగడమే ఇంగ్లీషులోకి కామాగా దిగింది. కానీ అక్కడ కర్త ఎంత పొడుగున్నా సరే, దానికీ క్రియకీ మధ్య ఒంటి కామా పనికిరాదు. మధ్యలో ఏదైనా దూర్చి చెప్తే దానికి అటొకటి ఇటొకటి రెండు కామాలు పడతాయి, లేదంటే ఒక్కటీ ఉండదు. అందుకే పిల్లల చేత కర్త కింద ఒక గీత, క్రియ కింద ఒక గీత గీయించి, ఆ రెండిటి మధ్య, పేర్ల వరసలో వచ్చే కామాలు వదిలేసి, మిగతావి లెక్కపెట్టమంటాను. ఒంటిది మిగిలితే కొట్టేయాలి.

ఇంకొకటి "హి సెడ్ దట్, హి విల్ కమ్". ఈ దట్ తర్వాత కామా మన ఇళ్ళల్లోంచి వచ్చిందే. "అతను చెప్పిందేంటంటే," అని ఆగి అసలు సంగతి చెప్పడం మనకి అలవాటు, ఆ 'ఏంటంటే' దట్ మీద కూర్చుంది. 'బట్' తర్వాత కామా కూడా అంతే, మనం "కానీ, బస్సు రాలేదు" అని రాసుకుంటాం కాబట్టి "బట్, ది బస్ డిడ్ నాట్ కమ్" అయింది. రెండు చోట్లా అక్కర్లేదు.

"ఇట్ రెయిన్డ్ హెవీలీ, ది బస్ డిడ్ నాట్ కమ్." ఇది మాత్రం కొంచెం ఓపిగ్గా చూడాలి. తెలుగులో "వాన గట్టిగా పడింది, బస్సు రాలేదు" అని రాస్తే ఎవరూ తప్పనరు. ఇంగ్లీషులో మాత్రం రెండు నిండు వాక్యాల్ని ఒట్టి కామాతో అతికితే తప్పు కింద లెక్క. మధ్యలో 'సో'నో 'అండ్'నో వేసి కామా ఉంచండి, లేకపోతే ఫుల్‌స్టాప్ పెట్టి రెండుగా కోసేయండి, సెమికోలన్ వాడటం వస్తే అది ఇంకా అందం. అసలు మనకి ఈ చిక్కు పెద్దగా ఎందుకు లేదంటే మనకి 'పడి', 'వచ్చి', 'చూసి' ఉన్నాయి. "వాన గట్టిగా పడి బస్సు రాలేదు" అనేస్తే అతుకే కనబడదు. వాక్యం ఎంత పొడుగు సాగినా అసలు క్రియ చివర్లో కూర్చుని అన్నిటినీ పట్టుకుంటుంది. "వానొస్తే బస్సు రాదు" అన్నప్పుడు కూడా 'వస్తే' ముందే వస్తుంది, బస్సు తర్వాత. ఇంగ్లీషులో రెండు వరసలూ కుదురుతాయి కాబట్టి, 'ఇఫ్' ముక్క ముందు వస్తే దాని చివర కామా పెడతారు, వెనక్కి వెళ్ళిపోతే మామూలుగా పెట్టరు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన కామాల సంగతి.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంటారు. పెదనాన్నగారు పోయాక బ్యాంకు పని మీద ఇంగ్లీషులో ఒక లెటర్ రాసిపెట్టమ్మా అని అడిగితే నేనే రాశాను. ఆవిడకి ఇద్దరు కొడుకులు, పెద్దవాడు సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నాడు, చిన్నవాడు ఇక్కడే. పెద్దవాడు సంతకానికి ఈ నెల రాలేడని చెప్పాలి. నేను "మై సన్, హూ వర్క్స్ ఇన్ సూరత్, కెనాట్ కమ్ దిస్ మంత్" అని రాశాను. రెండు కామాలతో. బ్యాంకులో ఆఫీసరు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, "అమ్మా, ఈ లెటర్ ప్రకారం మీకు ఒక్కడే కొడుకు, వారసుల పత్రంలో ఇద్దరున్నారు, ఏది నిజం?" అని అడిగారట. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, తాను అబద్ధం రాయించానేమోనని అక్కడే భయపడిపోయి, లెటర్ చేత్తో పట్టుకుని ఎండలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. ఆఫీసరుది తప్పు కాదు, ఆయన ఆ వాక్యాన్ని సరిగ్గా చదివారు. కామాల మధ్య పెట్టింది అదనపు సమాచారం, దాన్ని ఎత్తేసినా వాక్యం నిలబడుతుంది. ఎత్తేస్తే మిగిలేది "మై సన్ కెనాట్ కమ్". అంటే నాకున్న కొడుకు రాలేడు, అని. కామాలు తీసేసి "మై సన్ హూ వర్క్స్ ఇన్ సూరత్" అంటే, ఉన్న కొడుకుల్లో సూరత్‌లో పనిచేసేవాడు అని అర్థం.

తెలుగులో ఈ రెండిటికీ ఒకటే రూపం. "సూరత్‌లో పనిచేసే మా అబ్బాయి" అంటే ఒక్కడో ఇద్దరో ఆ మాటలో తెలియదు, వినేవాడికి మన ఇల్లు తెలుసు కాబట్టి సరిపోతుంది. బ్యాంకుకి మన ఇల్లు తెలియదు. నేను తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాశాను కాబట్టే ఆ తేడా నా కంటికి కనబడలేదు. ఆ సాయంత్రం "మై ఎల్డర్ సన్, హూ వర్క్స్ ఇన్ సూరత్, కెనాట్ కమ్ దిస్ మంత్" అని మళ్ళీ రాసిచ్చాను. ఇక్కడ కామాలు తిరిగి వచ్చాయి, గమనించారా? పెద్దకొడుకు ఒక్కడే ఉంటాడు, సూరత్ అన్నది మళ్ళీ అదనమే అయింది. మా ఊరి మీదుగా వెళ్ళే నౌపడా రైలు లైనుని ఉదాహరణగా తీసుకుని పిల్లలకి ఇదే చెప్తాను. "ది నౌపడా లైన్, విచ్ ఓపెన్డ్ ఇన్ 1900, నౌ గోస్ టు గుణుపుర్." నౌపడా లైను ఒక్కటే కాబట్టి 1900 సంగతి కామాల మధ్యకి వెళ్తుంది.

---

గుణుపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు:

అమ్మా, బాగా రాశావు. కానీ ఒక మాట. మా చిన్నప్పుడు మా మాస్టార్లు కామా దగ్గర ఒకటి లెక్కపెట్టు, ఫుల్‌స్టాప్ దగ్గర నాలుగు లెక్కపెట్టు అని బెత్తం పట్టుకుని నేర్పారు. నేనూ ముప్పయ్యేళ్ళు అదే నేర్పాను. అది తప్పంటావా? నోటి మాటే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, రాతకి ఊపిరితో పని లేదని నువ్వు అంటే నాకు కొంచెం కష్టంగా ఉంది.

నా జవాబు:

మాస్టారూ, నమస్కారం. మీరు నేర్పింది చదవడానికి నూటికి నూరుపాళ్ళు సరైనది. కామా ఉన్న చోట ఆగమనడం వేరు, ఆగిన చోటల్లా కామా పెట్టమనడం వేరు. పిల్లలు రెండోది అనుకుంటున్నారు, నా బాధ అది. ఇంకో సంగతి, ఇంగ్లీషు కూడా ఒకప్పుడు ఊపిరి చూసే కామా పెట్టింది. అమెరికా రాజ్యాంగం రెండో సవరణ 1791లో అమల్లోకి వచ్చింది, అందులో "ది రైట్ ఆఫ్ ది పీపుల్ టు కీప్ అండ్ బేర్ ఆర్మ్స్, షల్ నాట్ బి ఇన్‌ఫ్రింజ్డ్" అని ఉంటుంది. కర్తకీ క్రియకీ మధ్య కామా, అచ్చం మన నోటీసు బోర్డులాగే. ఇవాళ అయితే ఏ ఎడిటరూ దాన్ని ఉంచడు. అంటే మన పిల్లలు రాసేది రెండు వందల ఏళ్ళ కిందటి పద్ధతి, అంతే. ఇక గిడుగువారి గురించి, మన ఊరివాళ్ళం కాబట్టి మనసులో మాట చెప్తాను. ఆయన ఇక్కడ బళ్ళో పాఠాలు చెప్తూనే సవరలనే గిరిజనుల మాట నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆ భాష మాట్లాడేవాళ్ళ నోట ఎలా ఉందో అలాగే విన్నారు, మన వ్యాకరణం తెచ్చి దాని మీద రుద్దలేదు. ఇంగ్లీషుని కూడా దాని తీరులోనే వినమంటున్నాను మాస్టారూ.

బరంపురం నుంచి ఒక తమ్ముడు:

అక్కా, "శ్రీనూ నాకు తెలీదు" అంటే శ్రీను కూడా తెలీదు అనే అర్థం కూడా వస్తుంది కదా? "రామూ తెలీదు, శ్రీనూ తెలీదు" అన్నట్టు. మరి దీర్ఘం పని చేసేసిందని ఎలా అంటారు?

నా జవాబు:

మంచి పాయింట్ తమ్ముడూ, నేను అది వదిలేశాను. మన దీర్ఘానికి రెండు ఉద్యోగాలు, పిలవడం ఒకటి, కలపడం ఒకటి. "అమ్మా నాన్నా వచ్చారు" అంటే ఇద్దరూ వచ్చారని. నోటితో అంటే రాగం తేడాలో తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు కాబట్టి అక్కడ తెలుగుకీ కామా అవసరమే. పైన కామా లేకపోయినా పర్వాలేదన్న నా మాటని ఆ మేరకు సరిచేసుకుంటున్నాను.

రాయగడ నుంచి ఒక అన్నయ్య:

కలపడం అంటే గుర్తొచ్చింది. ఎ, బి అండ్ సి అని రాసేటప్పుడు అండ్ ముందు కామా ఉండాలా వద్దా? మా ఆఫీసులో దీని మీద రోజూ వాదన, ఒకాయన పెడతాడు, ఇంకొకాయన కొట్టేస్తాడు.

నా జవాబు:

రెండూ ఒప్పే అన్నయ్యా. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పెట్టమంటుంది, అందుకే దానికి ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు, పేపర్లవాళ్ళు చాలామంది పెట్టరు. ఒక కాగితంలో ఒకటే పద్ధతి ఉంచితే చాలు. కానీ తీసేస్తే అర్థం మారే చోట మాత్రం పెట్టి తీరాలని నా పట్టుదల. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ అనే డెయిరీ మీద లారీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కోసం కేసు వేశారు. ఏయే పనులకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో చట్టంలో ఒక జాబితా ఉంది, దాని చివర్లో "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ఉంది, ఆర్ ముందు కామా లేదు. డ్రైవర్లు సరుకు చేరవేస్తారు, ప్యాకింగ్ చేయరు. కామా ఉంటే డిస్ట్రిబ్యూషన్, అంటే చేరవేయడం, విడిగా ఒక పని, అప్పుడు డ్రైవర్లకి ఓవర్‌టైమ్ రాదు. లేకపోతే అది ప్యాకింగ్‌లోనే ఒక రకమనీ అనుకోవచ్చు, అప్పుడు వస్తుంది. ఇది రెండు రకాలుగానూ చదవొచ్చు కాబట్టి డ్రైవర్ల వైపే చదవాలని 2017లో అప్పీలు కోర్టు చెప్పింది, మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీ పడింది. కోర్టు తీర్పు వచ్చాక చట్టం రాసినవాళ్ళు ఆ జాబితాని సెమికోలన్లతో మళ్ళీ రాసుకున్నారు. మీ ఆఫీసులో కొట్టేసే ఆయనకి ఇది చెప్పండి.

జయపురం నుంచి ఒక అమ్మ:

మా పాప లీవ్ లెటర్‌లో ఇలా రాసింది, ఒకసారి చూసి చెప్పండి. "రెస్పెక్టెడ్ మేడమ్ ఐ బెగ్ టు స్టేట్ దట్, మై గ్రాండ్‌ఫాదర్ హూ లివ్స్ ఇన్ కోరాపుట్, ఈజ్ ఇల్ వీ ఆర్ గోయింగ్ దేర్."

నా జవాబు:

పాప చేతే దిద్దించండి అమ్మా, నేను అడగాల్సినవి అడుగుతాను. మేడమ్ తర్వాత కామా పెట్టమనండి, అది పిలుపు. దట్ తర్వాతది కొట్టేయమనండి. కోరాపుట్ తాతగారు ఒక్కరేనా, ఇంకో వైపు తాతగారు కూడా ఉన్నారా అని అడగండి. ఇద్దరూ ఉంటే కోరాపుట్ తర్వాత ఉన్న కామా తీసేయాలి, ఒక్కరే ఉంటే గ్రాండ్‌ఫాదర్ తర్వాత ఇంకొకటి చేర్చాలి. ఇల్ దగ్గర కామా పెట్టి సో వేసి వీ ఆర్ గోయింగ్ రాయాలి. తాతగారికి త్వరగా నయమవ్వాలి.

జయపురం నుంచి అదే అమ్మ:

ఇద్దరూ ఉన్నారండీ, కామా తీసేయించాను.