స్క్రాచ్‌లో ప్లాట్‌ఫాం గేమ్: బొమ్మ కొమ్మలోంచి జారిపోతోంది, గోడకి అతుక్కుంటోంది

గళ్లచొక్కా

స్క్రాచ్ 3లో (బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) చిన్న గేమ్ చేస్తున్నాను. కోతి కొమ్మల మీద దూకుతూ మామిడికాయలు కోయాలి, కింద కాపలావాడు రాళ్లు విసురుతుంటాడు. కోతి ఎత్తు 45, కొమ్మల మందం 12. చెట్టూ గోడలూ బ్యాక్‌డ్రాప్‌లోనే (వెనక ఉండే బొమ్మ) ఆకుపచ్చగా గీశాను. కోడ్ ఇది:

పై బాణం నొక్కితే: 10 సార్లు వై (నిలువు స్థానం) 10 పెంచు, ఆపైన 10 సార్లు వై 10 తగ్గించు.
పచ్చజెండా కింద, ఫరెవర్‌లో (ఆగకుండా తిరిగే లూపు): ఆకుపచ్చ రంగు తగలకపోతే వై 5 తగ్గించు.
కుడి బాణం నొక్కితే: ఎక్స్ (అడ్డం స్థానం) 8 పెంచు, నెక్స్ట్ కాస్ట్యూమ్ (అదే బొమ్మకి ఇంకో భంగిమ).
రాయి స్ప్రైట్‌లో (గేమ్‌లో ఒక్కో బొమ్మా ఒక స్ప్రైట్): "విసురు" మెసేజ్ వస్తే క్రియేట్ క్లోన్ (నకలు) ఆఫ్ మైసెల్ఫ్.

దూకి దిగేటప్పుడు కోతి ప్రతిసారీ కొమ్మలోంచి కిందికి జారిపోతోంది. గోడకి ఆనుకుంటే గాల్లోనే ఉండిపోతోంది. కుడి బాణం నొక్కి పట్టుకుంటే ఒక అడుగేసి, ఆగి, ఆ తర్వాత పరిగెడుతోంది. కాసేపటికి రాళ్లు పుట్టడమే ఆగిపోతోంది. అంకెలు మార్చి చూశాను, లాభం లేదు. ఏం చెయ్యాలి?

---

ఫరెవర్_లూపు

అంకెలు మారిస్తే తేలే వ్యవహారం కాదిది. కోతి వై విలువను రెండు స్క్రిప్టులు ఒకేసారి మారుస్తున్నాయి, తంటా అంతా అక్కడే. లెక్క వేసి చూడు. ఎక్కేటప్పుడు ఒకటి 10 పెంచుతుంటే రెండోది 5 తగ్గిస్తోంది, కాబట్టి 10 ఫ్రేముల్లో (తెర ఒకసారి మారితే ఒక ఫ్రేము) లేచేది 50 చిల్లరే. దిగేటప్పుడు రెండూ కలిసి ఫ్రేముకి 15 లాగుతున్నాయి. నాలుగు ఫ్రేముల్లో కొమ్మ తగులుతుంది, గ్రావిటీ (ఆ 5 తగ్గించే స్క్రిప్టు) ఆగుతుంది. "వై 10 తగ్గించు" మాత్రం ఇంకా ఆరుసార్లు మిగిలే ఉంది, పైగా అది కొమ్మ తగిలిందా లేదా అని చూడదు. అంటే మరో 60 కిందికి. కోతి 45, కొమ్మ 12, కలిపితే 57. కోతి కొమ్మని పూర్తిగా దాటేసింది, ఇక పడిపోకుండా ఆపేది ఏదీ లేదు.

గోడ సంగతీ అంతే. గోడ కూడా ఆకుపచ్చే కదా, అది తగిలినా నేల తగిలిందనే నీ కోడ్ అనుకుంటుంది. గ్రావిటీ ఆగిపోతుంది.

అడుగేసి ఆగడం "వెన్ కీ ప్రెస్డ్" బ్లాక్ వల్ల. కీబోర్డులో ఏదైనా అక్షరం నొక్కి పట్టుకుంటే ఒకటి పడి, క్షణం ఆగి, తర్వాత వరసగా పడతాయి చూడు, ఆ బ్లాక్ కూడా ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. నడకకి అది పనికిరాదు. లూపులో "కీ ప్రెస్డ్?" అని అడగాలి.

ఆ మూడు స్క్రిప్టులూ తీసెయ్. చెట్టూ గోడలూ "నేల" అనే వేరే స్ప్రైట్‌లో గీసి 0, 0 దగ్గర పెట్టు. కోతిలో "ఎక్స్ వేగం", "వై వేగం", "నేలమీద", "దిశ" అని నాలుగు వేరియబుల్స్ చెయ్యి, నాలుగూ "ఫర్ దిస్ స్ప్రైట్ ఓన్లీ". పేర్లు తెలుగులోనే పెట్టుకో, స్క్రాచ్ తీసుకుంటుంది. తర్వాత "మై బ్లాక్స్"లో "కదలిక" అని బ్లాక్ చేసి, "రన్ వితౌట్ స్క్రీన్ రిఫ్రెష్" (బ్లాక్ మొత్తం ఒకే ఫ్రేములో నడవాలని) టిక్ పెట్టు. అందులో ఇదే వరసలో:

ఎక్స్ వేగం = (కుడి బాణం నొక్కారా − ఎడమ బాణం నొక్కారా) × 5
ఎక్స్‌ని ఎక్స్ వేగం మేర మార్చు
నేల తగిలితే: ఎక్స్‌ని (0 − ఎక్స్ వేగం) మేర మార్చు
నేలమీద = 0
వై వేగాన్ని −1 మేర మార్చు
వైని వై వేగం మేర మార్చు
నేల తగిలితే:
– వై వేగం > 0 అయితే దిశ = −1, లేకపోతే దిశ = 1, నేలమీద = 1
– నేల తగలడం ఆగేదాకా వైని దిశ మేర మార్చు
– వై వేగం = 0
పై బాణం నొక్కి ఉండి, నేలమీద = 1 అయితే: వై వేగం = 13

పచ్చజెండా కింద ఫరెవర్, దానిలో "కదలిక" ఒక్కటే. తీసివేత బ్లాక్‌లో "కీ ప్రెస్డ్?" పడుతుంది, నొక్కితే 1, లేకపోతే 0.

ముందు ఎక్స్ కదిలించి సరిచెయ్యి, ఆ తర్వాతే వై. రెండూ కదిలించాక తగిలిందా అని చూస్తే, తగిలింది గోడో నేలో తెలుసుకునే దారి లేదు. ఇక ఆ టిక్ మర్చిపోతే, లోపలికి దిగిన కోతి ఫ్రేముకి ఒక్కో పిక్సెల్ చొప్పున బయటికొస్తుంది. స్క్రాచ్ నడిచేది సెకనుకి 30 ఫ్రేములు కాబట్టి 10 పిక్సెళ్లకే సెకనులో మూడో వంతు పోతుంది. బురదలోంచి లేచినట్టుంటుంది.

లెవెల్ గీసేటప్పుడు ఈ కొలతలు దగ్గర పెట్టుకో. 13తో దూకితే 12+11+…+1, అంటే 78 పిక్సెళ్లు లేస్తుంది. గాల్లో ఉండేది 25 ఫ్రేములు, ఆలోపు అడ్డంగా 125 వెళ్తుంది. కాబట్టి కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీ 90–100, ఎత్తు తేడా 60 ఉంటే ఆడేవాళ్లకి హాయిగా ఉంటుంది. సరిగ్గా 78, 125 పెడితే ఒక్క ఫ్రేము తేడాతో పడిపోయి తిట్టుకుంటారు. కొమ్మలు ఒకదాని మీద ఒకటి నిలువుగా గీయకు. 60లో కొమ్మ మందం 12 పోగా మిగిలేది 48, నీ కోతి 45. కిందనుంచి దూకడానికి చోటుండదు.

---

బొమ్మలపెట్టె

పైన చెప్పిన కోడ్ కరెక్టే. కానీ నడక కాస్ట్యూమ్‌లు తగిలించగానే ఇంకో తలనొప్పి మొదలవుతుంది. కోతి తోక, చాచిన కాలు ఒక్కో కాస్ట్యూమ్‌లో ఒక్కో మేర బయటికి ఉంటాయి. గోడ పక్కన నిలబడినప్పుడు కాస్ట్యూమ్ మారితే తోక గోడలోకి పోతుంది. అప్పుడు వై సరిచేసే లూపు "నేల తగిలింది" అనుకుని కోతిని గోడ మీదిదాకా ఎక్కించేస్తుంది.

దీనికి మందు: "పెట్టె" అనే కాస్ట్యూమ్ ఒకటి చెయ్యి. ఉత్త దీర్ఘచతురస్రం, వెడల్పు 24, ఎత్తు 45, పెయింట్ ఎడిటర్‌లో మధ్య గుర్తు మీద సరిగ్గా కూర్చోవాలి. "కదలిక" బ్లాక్ మొదటి వరసలో కాస్ట్యూమ్‌ని "పెట్టె"కి మార్చు, చివరి వరసలో నడక కాస్ట్యూమ్‌కి. స్క్రీన్ రిఫ్రెష్ లేని బ్లాక్ కాబట్టి పెట్టె ఆడేవాళ్ల కంట పడదు. తగలడం అంతా పెట్టెతో, కనిపించేది కోతి.

నడక కాస్ట్యూమ్‌లకి నడక1 నుంచి నడక4 వరకూ పేర్లు పెట్టు. అన్నిట్లోనూ పాదాలు ఒకే గీత మీద ఉండాలి, లేకపోతే నడిచేటప్పుడు ఎగిరెగిరి పడుతున్నట్టుంటుంది. "గడి" అని వేరియబుల్ పెట్టి ప్రతి ఫ్రేముకీ 1 కలుపు. కాస్ట్యూమ్ పేరు: జాయిన్ "నడక", 1 + ఫ్లోర్ ఆఫ్ ((గడి మాడ్ 16) / 4). మాడ్ అంటే భాగిస్తే మిగిలే శేషం, ఫ్లోర్ అంటే దశాంశం తీసేసిన అంకె. ఒక్కో బొమ్మ 4 ఫ్రేములుంటుంది, నాలుగూ తిరగడానికి అర సెకను పైచిలుకు. ఎక్స్ వేగం 0 అయితే నడక1. గాల్లో ఉంటే వేరే బొమ్మ పెట్టొచ్చు, ఆ ఒక్క బొమ్మతోనే గేమ్‌కి కళ వస్తుంది. ఇందులో "వెయిట్ 0.1" లాంటివి పెట్టకు, గ్రావిటీతో సహా అన్నీ ఆగుతాయి.

ఎడమకి తిప్పడానికి రొటేషన్ స్టైల్ "లెఫ్ట్-రైట్" పెట్టు, లేకపోతే కోతి తలకిందులవుతుంది.

రంగు బదులు "నేల" స్ప్రైట్ తగిలిందా అని చూడమన్నది కూడా ముఖ్యమే. వెక్టర్ బొమ్మల అంచుల్లో రంగులు కలిసిపోతాయి, నువ్వు ఎంచుకున్న ఆకుపచ్చ అక్కడ ఉండదు. పైగా స్ప్రైట్ తగలడం కన్నా రంగు వెతకడం కంప్యూటర్‌కి బరువు.

---

గళ్లచొక్కా

థాంక్స్ అన్నా, థాంక్స్ అండి. నడక బాగా వచ్చింది, గోడకి అతుక్కోవడం పోయింది. ఇప్పుడు కొత్తది: కిందనుంచి తల కొమ్మకి తగిలితే కోతి కొమ్మ మీదికి వెళ్లి కూర్చుంటోంది. రాళ్ల సంగతి ఇంకా అలాగే ఉంది. రాయి క్లోన్ ఎక్స్ −240 కన్నా తక్కువైతే డిలీట్ చెయ్యమనే పెట్టాను.

---

ఫరెవర్_లూపు

"వై వేగం = 0" వరసని దిశ చూడకముందే పెట్టి ఉంటావు. అప్పటికే 0 అయిపోతే "వై వేగం > 0" ఎప్పుడూ తప్పే, దిశ ఎప్పుడూ 1. అందుకే తల తగిలినా పైకే తోస్తోంది. ఆ వరస చివర్లోకి జరుపు.

---

క్లోన్‌కి_క్లోన్

రాళ్ల దగ్గర రెండు తప్పులు కలిశాయి.

మెసేజ్ అసలు స్ప్రైట్‌కే కాదు, దాని క్లోన్‌లన్నిటికీ అందుతుంది. మొదటిసారి రాయి ఒక క్లోన్ చేస్తుంది. రెండోసారి ఆ రెండూ తలా ఒకటి చేస్తాయి. 2, 4, 8… ఎనిమిదోసారికి 256. స్క్రాచ్‌లో ప్రాజెక్టు మొత్తానికి క్లోన్‌ల హద్దు 300, కాబట్టి తొమ్మిదోసారికి నిండిపోతుంది. అన్నీ కాపలావాడి చేతి దగ్గరే ఒకేసారి పుడుతుంటే ఒకదాని మీద ఒకటి పడి ఒకే రాయిలా కనిపిస్తాయి, అందుకే అనుమానం రాదు.

రెండోది డిలీట్. స్టేజ్ ఎక్స్ −240 నుంచి 240 వరకూ నిజమే, కానీ స్ప్రైట్ పూర్తిగా బయటికి పోకుండా స్క్రాచ్ అంచు దగ్గర పట్టి ఉంచుతుంది. చిన్న రాయి −240 దగ్గరే ఆగిపోతుంది, "−240 కన్నా తక్కువ" ఎప్పటికీ నిజం కాదు. −230 పెట్టు.

రాయి స్ప్రైట్‌లో పచ్చజెండా కింద: హైడ్, ఫరెవర్, వెయిట్ 2, క్రియేట్ క్లోన్ ఆఫ్ మైసెల్ఫ్. జెండా నొక్కాక పుట్టిన క్లోన్‌లు ఆ స్క్రిప్టుని నడపవు కాబట్టి పిల్లలకి పిల్లలు పుట్టవు. "వెన్ ఐ స్టార్ట్ యాజ్ ఎ క్లోన్" కింద: గో టు కాపలావాడు, షో, ఎక్స్ −230 కన్నా తక్కువయ్యేవరకూ ఎక్స్‌ని −6 మేర మార్చు, డిలీట్ దిస్ క్లోన్. రాయికో వేగం కావాలంటే ఆ వేరియబుల్ కూడా "ఫర్ దిస్ స్ప్రైట్ ఓన్లీ" అయి ఉండాలి, అప్పుడే ప్రతి క్లోన్‌కీ సొంత విలువ ఉంటుంది. అందరికీ ఒకటే పెడితే కొత్త రాయి పుట్టగానే దారిలో ఉన్న పాత రాళ్లన్నీ వేగం మార్చుకుంటాయి.

---

గళ్లచొక్కా

రెండూ సెట్ అయ్యాయి! చివరిగా, మా ఫ్రెండ్స్‌కి వాట్సాప్‌లో పంపాలి. వాళ్లు ఫోన్‌లోనే ఆడతారు.

---

బొమ్మలపెట్టె

ప్రాజెక్టుని .ఎస్‌బి3 ఫైల్‌గా సేవ్ చేసుకుని, టర్బోవార్ప్ ప్యాకేజర్‌లో (స్క్రాచ్ ప్రాజెక్టుని విడిగా నడిచే ఫైల్‌గా మార్చే వెబ్‌సైట్) వేస్తే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఇస్తుంది. అది పంపితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. దాన్లో ఫ్రేమ్ రేట్ 30 దగ్గరే ఉంచు. 60 చేస్తే నీ గ్రావిటీ, నడక అన్నీ రెట్టింపు వేగంతో నడుస్తాయి, ఎందుకంటే లెక్కలన్నీ ఫ్రేముకి ఇంత అని ఉన్నాయి.

అసలు చిక్కు బాణం కీలు. ఫోన్‌లో అవి లేవు, తెర మీద బటన్లు గీయాలి. బటన్ స్ప్రైట్‌లో "మౌస్ డౌన్?", "టచింగ్ మౌస్ పాయింటర్?" రెండూ నిజమైతే ఒక వేరియబుల్ 1, లేకపోతే 0. కోతి కోడ్‌లో కీ బదులు ఆ వేరియబుల్ చూడు, అది "ఫర్ ఆల్ స్ప్రైట్స్" కావాలి. అయితే స్క్రాచ్ వేలిని మౌస్ లాగే చూస్తుంది, రెండు వేళ్లు ఒకేసారి పట్టించుకోదు. కుడి బటన్ నొక్కి పట్టుకుని దూకు బటన్ నొక్కడం కుదరదు.

కాబట్టి ఫోన్ కోసం కాపీ ఒకటి తీసి, "కదలిక"లో ఎక్స్ వేగం లెక్కేసే వరస తీసేసి, ఫరెవర్‌కి ముందు ఒక్కసారి ఎక్స్ వేగం = 5 పెట్టు, కోతి తనంతట తనే పరిగెడుతుంది, తెర మీద ఎక్కడ తాకినా దూకుతుంది. గోడ తగిలితే వెనక్కి తిరగాలి: "నేల తగిలితే" కింద వేగాన్ని −1తో గుణించు, కానీ ఎక్స్‌ని వెనక్కి జరిపిన తర్వాతే. ముందే గుణిస్తే కోతి ఇంకా గోడలోపలికే పోతుంది.