చుట్టూ ట్యూనా ఉన్న కిరిబాస్‌లో కంచంలో చేప ఎందుకు చాలట్లేదు?

ప్రశ్న (అడిగింది: తీరరేఖ)
పసిఫిక్ దీవుల దేశం కిరిబాస్ (రాత కిరిబాటి, పలుకు కిరిబాస్) నేల 811 చదరపు కిలోమీటర్లు, దానికి హక్కున్న సముద్ర మండలం సుమారు 35 లక్షలు. సర్కారు రాబడిలో సింహభాగం ట్యూనా లైసెన్సులదే. అయినా జనాభాలో సగం దాకా ఉండే రాజధాని దక్షిణ తరావాలో దిగుమతి బియ్యం, మైదా, పంచదార, డబ్బా మాంసం మీదే బతుకు నడుస్తోంది. మధుమేహం తీవ్రంగా ఉంది. ఇంత చేప ఉండి ఎందుకిలా?

వలకొస:
అక్కడ అమ్ముతున్నది చేపను కాదండీ, రోజులను. కిరిబాస్ కూడా ఉన్న నౌరు ఒప్పందం (1982, ట్యూనా వేటను కలిసి నియంత్రించే పసిఫిక్ దేశాలది) దేశాలు 2007 నుంచి పర్స్ సీన్ ఓడలకు, అంటే మన రింగు వలల పెద్దన్నలకు, 'వేట రోజులు' అమ్ముతున్నాయి. 2015 నుంచి రోజుకు కనీస ధర 8,000 డాలర్లు. 50 మీటర్ల లోపు పొడవున్న ఓడకు ఒక రోజు వేట సగం రోజుగా లెక్క, 80 దాటితే ఒకటిన్నర. 'ఈ రోజు వల వేయలేదు, ప్రయాణంలోనే ఉన్నాం' అని ఓడలు మినహాయింపు అడగడం దగ్గరే తగాదాలు. రాబడి పరంగా ఇది గొప్ప విధానం. కానీ పట్టిన చేప కానరీలకు, అంటే డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకు పోతుంది, డబ్బు ఖజానాకు చేరుతుంది. కంచం ఈ లెక్కలో లేనే లేదు.

ఒక చిన్న గుణకారం చూడండి. పసిఫిక్ దీవులకు పోషకాహార నిపుణులు సూచించేది మనిషికి ఏడాదికి సుమారు 35 కిలోల చేప. 1.2 లక్షల మందికి 4,200 టన్నులు. కిరిబాస్ జలాల్లో పట్టేది లక్షల టన్నుల్లో. కాబట్టి కొరత చేపకు కాదు, ఒడ్డుకు చేరే దారికి.

మోకుముడి:
ఆ దారి ఒడ్డు దగ్గరి ఫ్యాడ్ (FAD), అంటే చేపలను ఒకచోటికి చేర్చే అమరిక. లంగరేసిన బెండ్ల వరుస అనుకోండి, దాని నీడకు స్కిప్‌జాక్, ఎల్లోఫిన్ రకాల ట్యూనాలు చేరతాయి. చిన్న పడవ పెట్రోలు తగలేసుకుంటూ చేపను వెతకక్కర్లేదు, పగడపు దిబ్బ చేపల మీద ఒత్తిడీ తగ్గుతుంది.

సాధారణంగా 300–700 మీటర్ల లోతులో వేస్తారు. తాడు లోతుకన్నా పాతిక శాతం ఎక్కువ ఉండాలి: 500 మీటర్లకు 625. పైభాగం మునిగే నైలాన్, కిందిభాగం తేలే పాలీప్రొపిలీన్. తారుమారు చేస్తే పైన మిగులు తాడు నీటిమీద తేలి పడవ ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది, కింద తాడు అడుగు రాళ్లకు ఒరిసి తెగుతుంది. లంగరు సుమారు టన్ను కాంక్రీటు దిమ్మ. అడుగు చదునుగా ఉందో లేదో ముందే ఎకో సౌండర్‌తో (శబ్దంతో లోతు కొలిచే యంత్రం) చూడాలి. వాలు మీద పడితే దిమ్మ జారి లోతుకు పోతుంది, బెండ్లను వెంట లాక్కెళుతుంది. వేసేటప్పుడు ముందు బెండ్లు, తర్వాత తాడు, చివర దిమ్మ. అనుకున్న చోటు కాస్త దాటాకే దిమ్మ వదలాలి, ఎందుకంటే మునుగుతూ అది బెండ్ల వైపు వెనక్కి వస్తుంది.

ఫ్యాడ్ శాశ్వతం కాదు. అల తాకిడికి పైభాగపు గొలుసు, దాన్ని కలిపే షాకిల్ (ఇనుప కొండీ) ముందు అరుగుతాయి. ఓడలు ఢీకొంటాయి, గిట్టనివాళ్లు కోస్తారు. చాలా పథకాలు చచ్చేది ఇక్కడే: మొదటి ఫ్యాడ్‌కు దాత డబ్బిస్తాడు, రెండోదానికి ఎవరూ ఇవ్వరు. విడి తాడు, బెండ్లు గోదాములో సిద్ధంగా ఉండాలి, ఆ ఖర్చు ఏటా లైసెన్సు రాబడిలోంచే పక్కన పెట్టాలి.

తీరరేఖ:
తరావా రేవులో ఓడలు సరుకు మార్చుకునేటప్పుడు కానరీలకు పనికిరాని చేపను ఊళ్లో అమ్మిస్తే చాలదా?

ఉప్పుకల్లు:
కొంత పనికొస్తుంది, ధరా తక్కువే. కానీ ఆ ఓడల్లో చేపను ఉప్పునీటిలో గడ్డకట్టిస్తారు, ఉప్పు కండలోకి దిగుతుంది. రక్తపోటు ఎక్కువున్న జనానికి అదే రోజువారీ తిండి చేయకూడదు. పైగా చవక చేప ఒక్కసారిగా దిగితే స్థానిక పడవలవాళ్ల ధర పడిపోతుంది. నేనైతే బడి భోజనాలకు, ఆసుపత్రులకు మాత్రమే మళ్లిస్తాను, అదీ నానబెట్టి నీళ్లు పారబోశాక.

ఫ్యాడ్ చేపకు వేరే చిక్కు. ట్యూనా ఎండలో కొన్ని గంటలుంటే హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది. వండినా, ఎండబెట్టినా పోదు. మొహం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఆ వేడికి కిలో చేపకు కిలో మంచు కావాలి. మంచు యంత్రం లేని దీవిలో ఫ్యాడ్ వేస్తే సగం ఫలితమే. దిబ్బ చేపల్లో సిగ్వాటెరా విషం కూడా వంటకు లొంగదు, కాకపోతే స్కిప్‌జాక్‌తో ఆ భయం లేదు.

మోకుముడి:
మంచు మాటకు నా ఓటు. కరెంటు సరిగా లేని దీవుల్లో మాత్రం పట్టిన రోజే పొగబెట్టడమో ఎండబెట్టడమో మొదలవ్వాలి. 'రేపు చూద్దాం' అంటే హిస్టమిన్ ఆగదు.