రూపాయి, రెండు రూపాయల బిళ్లలు: ఆల్బమ్‌ను డిజైన్ వారీగా సర్దాలా, ఏడాది వారీగానా?

విజయవాడ, గుంటూరు వైపు చిల్లర నాణేలు సేకరించేవారు దయచేసి సలహా ఇవ్వండి. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన రెండు రూపాయల బిళ్ల 25 మి.మీ., 4.85 గ్రాములు. అంతకుముందు నడిచిన పాత స్టీలు రూపాయి బిళ్ల కూడా సరిగ్గా అంతే! అందుకే కొట్లో చిల్లర లెక్కలో ఈ రెండూ ఒకదానికొకటి మారిపోతున్నాయి. 2007 నాట్యముద్రలు, 2011 రూపాయి గుర్తు, 2019 ధాన్యపు కంకులు... చూపు లేనివారి కోసమే 2019 వరుస తెచ్చారు, మంచిదే. కానీ పాతవీ చలామణిలో ఉండగా తడిమి పోల్చుకోవడం ఎలా? సేకరించేవారికి పండగే, వాడేవారికి మాత్రం ఇబ్బందేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇక సర్దుబాటు సంగతి. బిళ్ల మీద ఏడాది అంకెల కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది, వజ్రం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒక్కో డిజైన్‌కు నాలుగు టంకశాలలవీ చాలా, లేక ప్రతి ఏడాదివీ పెట్టాలా?

ఇంకొకటి: పీవీసీ కవర్లలో బిళ్లలు జిగురెక్కుతున్నాయి, కృష్ణ ఒడ్డు తేమకు స్టీలువి తుప్పు మచ్చలు పడుతున్నాయి. 27.5 మి.మీ. కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు, సిలికా జెల్ వాడుతున్నవారు జెల్‌ను ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు?