అప్‌డేట్: ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ మీద ఇన్ని పేచీలెందుకు?

ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ రాసిన ఈ 1961 నవల కొందరికి ఆవిడ పుస్తకాల్లో మేటి, కొందరికి ఉసూరుమనిపించేది ఎందుకయిందని అడిగాను కదా. జవాబులన్నీ చదివాక తేలింది ఇది.

గొడవంతా నాయిక జెన్నీ దగ్గరే. తండ్రి అప్పులు నెత్తిన పడ్డ ఆడమ్, ఎస్టేట్ నిలుపుకోడానికి తను ప్రేమించిన జూలియాని వదులుకుని సంపన్న వర్తకుడి కూతురు జెన్నీని చేసుకుంటాడు. జెన్నీ అందగత్తె కాదు, సరసాలాడే రకమూ కాదు. చివరికి అతనిది ప్రేమా, అలవాటా అన్నది తేలదని నచ్చనివాళ్ల ఫిర్యాదు. నచ్చినవాళ్లు చూపించేది ఆమె ఇల్లు నడిపే తీరు, అతని చిరాకుల్ని ముందే కనిపెట్టడం. నా ఓటు వీళ్లకే. ఆడమ్ మామగారు మిస్టర్ చాలే మాత్రం వచ్చిన ప్రతిచోటా అందరినీ మింగేస్తాడు!

నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం నాటి ఘట్టం బలవంతంగా అతికించినట్టుందని కొందరన్నారు. ఒప్పుకోను. 1815లో ఆ యుద్ధం వేళ స్టాక్ మార్కెట్ బెదిరినప్పుడు మామ ఉన్న స్టాకులు అమ్మెయ్యమంటే ఆడమ్ అమ్మకపోగా ఇంకా కొంటాడు. ఆ లాభం లేకపోతే మామ సొమ్ము తింటున్నానన్న కుమిలిపాటు పోదు, భార్యని సూటిగా చూడలేడు.

హేయర్‌ని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ముందు ‘ఫ్రెడెరికా’ (1965) చదవండి. సరదా సంభాషణల కోసం వచ్చినవాళ్లే ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ని సగంలో వదిలేస్తున్నారు.